మొదటి వరసలో పిడుగు

ఫిబ్రవరి 11

వదిన గారికి నమస్కారం.

ఈ ఉత్తరం మీ తమ్ముడు రాయాల్సింది. కాగితం ముందేసుకుని అరగంట కూర్చుని, "అక్కా" అని ఒక్క మాట రాసి, పెన్ను నా చేతికిచ్చి నీళ్ళు తెస్తానని వెళ్ళారు. నీళ్ళ డబ్బా నిండుగానే ఉంది. ఫోన్ చేస్తే మీకు వినపడదు. మెసేజ్ పెడదామంటే, అందులో అక్షరదోషాలు చూడలేక సెల్‌ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశారట. మీ ప్రెస్సుకి ఫోన్ చేసి ఎవరిచేతనైనా చెప్పిద్దామంటే, ఇది ఒకరి నోటితో చెప్పించే విషయం కాదు. అందుకని పెళ్ళయిన మూడేళ్ళకి మొదటిసారి మీకు ఉత్తరం రాస్తున్నాను.

మీ మేనకోడలికి ఒంట్లో బాగాలేదు. పుట్టినప్పుడు దాని ఏడుపు విని మీ తమ్ముడు పిడుగు అని పేరు పెట్టారు కదా. నెల రోజులుగా ఆ పిడుగు ఏడవడం లేదు. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో ఆగిపోయి, కొండెక్కిన ముసలమ్మలా ఒగరుస్తుంది. నుదుటి నిండా చెమట. జలుబన్నారు, అరగలేదన్నారు. చివరికి ఇక్కడి పెద్దాసుపత్రిలో స్కాన్ తీస్తే తేలింది, గుండె. కండ వదులైపోయి, సాగి, ఉండాల్సిన దానికి రెండింతలు పెద్దదైందట. కొట్టుకోవడం కొట్టుకుంటుంది, రక్తాన్ని తోయలేదు. మందులతో కొన్నాళ్ళు నెట్టుకొస్తాం గానీ ఇది బాగుపడే గుండె కాదు, మార్చాల్సిందే అన్నారు. అయిదు నెలల పిల్లకి.

సరిపడే గుండె దొరికేదాకా పేరు ఒక లిస్టులో ఉంటుంది. పిడుగు పేరు రెండో వరసలో రాశారు.

ఆసుపత్రి వెనక సందులో, మేడ మీద ఒక గది తీసుకున్నాం. మీ తమ్ముడు ఇక్కడే లిఫ్టులు బాగుచేసే కంపెనీలో తాత్కాలికంగా చేరారు. నేను డ్రైవింగ్ స్కూలుకి సెలవు పెట్టాను. మీరు జవాబు రాస్తే ఆయనకి కాస్త ధైర్యంగా ఉంటుంది.

మీ మరదలు
(మీరు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా)

ఫిబ్రవరి 17

మా తమ్ముడి భార్యకు,

నీ ఉత్తరం అందింది. దీంతో పాటే తిప్పి పంపుతున్నాను. తొమ్మిది తప్పులున్నాయి, ఎర్ర సిరాతో దిద్దాను. 'ఒగర్చడం' మాత్రం సరిగ్గా రాశావు, చాలామంది రాయలేరు. కోపం తెచ్చుకోకు. ఇరవై తొమ్మిదేళ్ళుగా, అచ్చుకి వెళ్ళబోయే ప్రతి కాగితం మీదా తప్పులు పట్టడమే నా ఉద్యోగం. కాగితం కనపడితే చెయ్యి ఊరుకోదు. అయితే ఒక మాట. రెండో పేజీలో ఉన్న నాలుగు తప్పులూ మొదటిసారి చదివినప్పుడు నాకు కనపడలేదు. మర్నాడు పొద్దున్న కూర్చుని దిద్దాను.

గుండె పెద్దదైందన్నావు. మా వైపు అయిదు తరాల్లో ఎవరికీ పెద్ద గుండె ఉన్న దాఖలా లేదు. మీ వైపు నుంచే వచ్చి ఉండాలి.

ఇక ఆ రెండో వరస సంగతి. రెండో వరస ఏమిటి? బడిలో మా తమ్ముడు ఎప్పుడూ చివరి బెంచీలోనే కూర్చున్నాడు, నిజమే. దానికి పిల్లని శిక్షిస్తారా? అడగందే అమ్మయినా పెట్టదు. నువ్వు మొహమాటానికి పోయి ఉంటావు, వాడు అసలు నోరే విప్పి ఉండడు. ఆ పని నాకు వదిలెయ్యండి. అర్జీ ఎలా రాయాలో నాకు తెలుసు.

రక్తం గ్రూపు కలవాలని ప్రెస్సులో అన్నారు. అందుకని ప్రెస్సులో పదకొండు మందినీ, మా వీధిలో ఇరవై మందినీ పట్టుకెళ్ళి గ్రూపు చూపించాను. బైండింగు తాత సూదంటే భయమని కాగితాల గదిలో దాక్కున్నాడు, వెతికి లాక్కొచ్చాం. పిడుగు గ్రూపు ఏదో వెంటనే రాయి.

వాణ్ణి వేళకి తినమను. నువ్వూ తిను, నీకు చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి చెప్తున్నాను.

వాడి అక్క

ఫిబ్రవరి 26

వదిన గారికి,

దిద్దిన ఉత్తరం అందింది. మీ తమ్ముడు దాన్ని గోడకి అంటించారు. మీ చేతిరాత కళ్ళముందుంటే ధైర్యమట. ఆ ఎర్రగీతలన్నీ నా రాత మీద పడ్డవి కాబట్టి నాకు అంత ధైర్యం కలగలేదు. పోనివ్వండి.

అర్జీ మాత్రం రాయకండి. ఈ వరస అడిగితే మారేది కాదు.

గుండె ఎక్కడినుంచి వస్తుందని మీరు అడగలేదు. మొదట విడ్డూరం అనిపించింది. తర్వాత గుర్తొచ్చింది, నేనూ మూడు రోజులు అడగలేదు. ఇంకో పసిబిడ్డ దగ్గర్నుంచి వస్తుంది. మెదడు పూర్తిగా పోయి, మిషను పెట్టే ఊపిరి మీద ఉన్న బిడ్డ. ఆ బిడ్డ అమ్మానాన్నలు సరేనంటేనే. కొలత కుదరాలి కాబట్టి పెద్దవాళ్ళ గుండె పనికిరాదు. మీరు కూడగట్టిన ముప్పై ఒక్క మందీ పనికిరారు. బైండింగు తాతకి నా తరఫున క్షమాపణ చెప్పండి.

అసలు గ్రూపే కలవక్కర్లేదట. ఇక్కడి చిన్న డాక్టరు చెప్పాడు. పెద్దవాళ్ళ రక్తం వేరే గ్రూపుని చూడగానే శత్రువని మీద పడుతుంది. ఏడాది లోపు పిల్లల రక్తానికి ఆ విద్య ఇంకా వంటబట్టదు. ఏది మనది, ఏది పరాయిది అన్న తేడా తెలియని వయసు. నెలలు గడిచేకొద్దీ నేర్చుకుంటుంది, ఆలోపు దొరికితే మేలు అన్నాడు.

ఆయన చెప్తుంటే నేను మన ఇంటి గురించే ఆలోచించాను. మూడేళ్ళుగా మీ ఇంట్లో నాది వేరే గ్రూపే కదా. పెళ్ళి కార్డులో నా పేరు తప్పు పడింది. కామా పక్కకి జరిగినా పట్టుకునే మీ చేతుల మీదుగా అచ్చుకెళ్ళిన కార్డు. వచ్చిన వాళ్ళందరూ ఎవరో వేరే అమ్మాయి పెళ్ళికి వచ్చి నన్ను దీవించి వెళ్ళారు. ఇది ఇప్పుడు తవ్వాల్సిన సంగతి కాదని తెలుసు. మానిటరు మీద అంకెలు చూస్తూ కూర్చుంటే పాతవన్నీ పైకి తేలతాయి.

మీ మరదలు

మార్చి 4

తమ్ముడి భార్యకు,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. నా అర్జీ సోమవారమే రిజిస్టర్డు పోస్టులో వెళ్ళిపోయింది. రెండు వందల పద్నాలుగు సంతకాలు. నకలు జతపరిచాను, ఒక్క తప్పు పట్టుకో చూద్దాం. "మా మేనకోడలు ఇంత చిన్న వయసులోనే ఓర్పులో పెద్దలను మించినదనీ, ఇంతవరకు ఎవరికీ ఏ అపకారమూ చేసి ఎరుగదనీ, కావున మొదటి వరసకు అన్ని విధాలా అర్హురాలనీ" అన్న భాగం దగ్గర పుస్తకాల కొట్టాయన కళ్ళు తుడుచుకుని రెండు సంతకాలు పెట్టాడు. ఒకటి కొట్టేయించాను. మన దగ్గర దొంగ లెక్కలు ఉండకూడదు.

చెప్పుల దుకాణం ఆవిడ ఒక్కతే పెట్టలేదు. "ఎవరి బిడ్డో పోవాలని నన్ను సంతకం పెట్టమంటున్నారా?" అంది. వెటకారం అనుకున్నాను. ఇష్టం లేకపోతే మానెయ్, మాటలెందుకు అని వచ్చేశాను. రెండు రోజుల తర్వాత నీ ఉత్తరం చదివాను. అప్పటినుంచి ప్రెస్సుకి ఆ దుకాణం ముందు నుంచి కాకుండా వెనక వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్తున్నాను.

పెళ్ళి కార్డు సంగతి ఉత్తరాల్లో తేలేది కాదు.

వాడి అక్క

మార్చి 19

వదిన గారికి,

మీ అర్జీ చేరింది. లిస్టు చూసుకునే మేడమ్ నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, మొత్తం పైకి చదివింది. నేను నేల మీది పలకలు లెక్కపెట్టుకున్నాను. చదివి, "ఇక్కడ అర్హత అంటే ఏమిటో మీవాళ్ళకి తెలుసా?" అంది. తెలీదన్నాను. "తెలియకపోవడమే మంచిది" అంది. ఆ మాట నాకూ సరిగ్గా అర్థం కాలేదు. అర్జీ ఫైల్లో పెట్టుకుంది. ఇన్నేళ్ళ సర్వీసులో తప్పుల్లేని కాగితం ఇదొక్కటే చూశానంది. మీరు సంతోషిస్తారని తెలిసే, చెప్పకూడదనుకుని కూడా చెప్తున్నాను.

నకలు వార్డులో చేతులు మారుతోంది. ఇక్కడ నాలుగు మంచాలు. కిటికీ పక్క మంచంలో నాలుగేళ్ళ బాబు, పదకొండు నెలలుగా ఉన్నాడు. వాళ్ళమ్మ మీ అర్జీ రెండుసార్లు చదివి, "మా ఆడబిడ్డ నాకు పలకరింపుకి ఒక ముక్క కూడా రాయలేదు" అంది. మీ మీద నాకు ఉన్న ఫిర్యాదులు ఆమె ముందు చెప్పుకోలేకపోయాను.

పిడుగుకి ఇప్పుడు పాలు ముక్కులో గొట్టం లోంచే. తాగే ఓపిక కూడా మిగుల్చుకోవాలట.

ఇంకో మాట. మీ వీధిలో అందరూ గుండె దొరకాలని మొక్కుకుంటున్నారని మీ తమ్ముడు అన్నారు. ఆపమనండి. ఇక్కడ మేం ఎవరం ఆ మాట పైకి అనం. 'కబురు' అంటాం, అంతే. మొన్న మధ్యాహ్నం పెద్ద వాన పడింది. కిటికీలోంచి కింద మెయిన్ రోడ్డు కనపడుతుంది. ఎక్కడో బ్రేకు గట్టిగా వేసిన చప్పుడు. నలుగురం తల్లులం ఒకేసారి అటు చూశాం. కిటికీ పక్క ఆవిడ లేచి కర్టెన్ వేసేసింది. ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు. పన్నెండేళ్ళు నేను డ్రైవింగ్ నేర్పాను వదినా. తడి రోడ్డు మీద ఎంత ముందుగా బ్రేకు నొక్కాలో, బడి దగ్గర ఎంత నిదానించాలో కొన్ని వందల మందికి చెప్పి ఉంటాను. ఆ రోజు ఆ రోడ్డు వంక నేను ఎందుకు చూశానో మీ తమ్ముడికి కూడా చెప్పలేదు.

మీ మరదలు

ఏప్రిల్ 3

మరదలికి,

చూశావా మరి. అర్జీ రాయొద్దన్నావు. నిన్న మీ ఆయన ప్రెస్సుకి ఫోన్ చేశాడట. మా కంపోజింగు కుర్రది చీటీ రాసి నా బల్ల మీద పెట్టింది: "పాప మొదటి వరసలోకి వచ్చింది." చీటీలో రెండు తప్పులున్నా దిద్దలేదు, అలాగే పర్సులో దాచుకున్నాను.

వాడు ఫోన్లో సరిగ్గా మాట్లాడలేకపోయాడని ఆ అమ్మాయి అంది. ఆనందంలో వాడికి మాట రాదు, చిన్నప్పటినుంచీ అంతే.

సంతకం పెట్టిన రెండు వందల పద్నాలుగు మందికీ చాక్లెట్లు పంచాను. అందులో ఒక్కొక్కరు ఇదంతా తమ సంతకం చలవే అన్నట్టు మాట్లాడారు. పుస్తకాల కొట్టాయనైతే తన రెండో సంతకం కొట్టెయ్యకపోతే ఇంకా ముందే వచ్చేదన్నాడు. కలం బలం అంటే ఇదీ. నీకు నమ్మకం లేకపోయింది గానీ, నేను మాత్రం ఆ మేడమ్ మీద మొదటినుంచీ నమ్మకం పెట్టుకున్నాను. ఆమెకి నా కృతజ్ఞతలు చెప్పు. విడిగా ఉత్తరం కూడా రాస్తాను.

నీ ఆడబిడ్డ

ఏప్రిల్ 8

వదిన గారికి,

ఆమెకి ఏ ఉత్తరమూ రాయకండి.

మొదటి వరస అంటే మొదటి ర్యాంకు కాదు. ఇక్కడ ప్రాణం ఎంత సన్నగిల్లితే పేరు అంత ముందుకి జరుగుతుంది. అర్హత అంటే అదీ. పోయిన శుక్రవారం పిడుగు గుండె ఇక నా వల్ల కాదని చేతులెత్తేసింది. ఇప్పుడు దాని పని ఒక పంపు చేస్తోంది. పొట్ట మీంచి రెండు గొట్టాలు బయటికొచ్చి, గాజు గిన్నెలాంటి దాంట్లో కలుస్తాయి. పంపు మంచం పక్కన టిక్కు టిక్కుమంటుంది. పిల్ల రక్తం ఒంటి బయటికొచ్చి వెళ్ళడం కళ్ళతో చూస్తూ కూర్చుంటాను.

పంపు పెట్టిన రోజు మేడమ్ వచ్చి, "పాపని మొదటి వరసకి మార్చాం" అంది. మీ తమ్ముడు అలవాటు కొద్దీ "థాంక్సండీ" అన్నారు. అని, బాత్రూములోకి వెళ్ళి గంట దాకా రాలేదు. ఆ తర్వాతే మీకు ఫోన్ చేశారు.

మీరు చాక్లెట్లు పంచారు.

మీ తమ్ముడి భార్య

ఏప్రిల్ 12

అమ్మా మరదలా,

నీ ఉత్తరం నిన్న అందింది. ప్రెస్సుకి సెలవు పెట్టాను. ఇరవై తొమ్మిదేళ్ళలో ఇది నాలుగో సెలవు.

చాక్లెట్లు పంచిన ఇళ్ళన్నీ మళ్ళీ తిరిగాను. మొదటి వరస అంటే ఏమిటో ప్రతి గడపలోనూ చెప్పాను. పొద్దున్న మొదలుపెడితే సాయంత్రమైంది. కొందరు, అయ్యో అన్నారు. కొందరు నన్ను ఓదార్చబోయారు, ఓదార్పు నాకు కాదని చెప్పి వచ్చేశాను. చివరికి చెప్పుల దుకాణం దగ్గరికీ వెళ్ళాను. ఆవిడకి నేను చాక్లెట్టు ఇవ్వలేదు, చెప్పాల్సిన పనీ లేదు. అయినా వెళ్ళాను. ఆవిడ స్టూలు వేసి కూర్చోబెట్టింది. ఏమీ అనలేదు. అంటే వినపడేది కూడా కాదు, ఆ సమయానికి నాకు చెవులు బొత్తిగా పనిచేయడం లేదు.

ఉత్తరాల్లో తేలదన్న సంగతి ఒకటుంది, అది కూడా తేల్చేస్తాను. మీ పెళ్ళి కార్డు ప్రూఫు నా బల్ల మీదికి వచ్చింది. అమ్మ పోయాక వాణ్ణి పెంచినదాన్ని నేను. పెళ్ళి కుదిరిందన్న మాట నాకు వాడు ముందుగా చెప్పలేదు, ఆ ప్రూఫు చూసి తెలుసుకున్నాను. చదవకుండా సంతకం పెట్టి పంపేశాను. నువ్వు అనుకుంటున్నట్టు కావాలని తప్పు వదల్లేదు. చూసి ఉంటే దిద్దేదాన్ని, చెయ్యి ఊరుకోదు. నీ పేరు చూడబుద్ధి కాక చూడలేదు. తప్పు వదలడం కంటే అది హీనమని నాకు తెలుసు.

నన్ను అక్కడికి రమ్మని ఎవరూ అనలేదు. అంటే వస్తాను. అనకపోయినా వచ్చేస్తానేమోనని భయంగా ఉంది, అందుకే ముందే చెప్తున్నాను.

నీ వదిన

ఏప్రిల్ 17

వదినా,

రండి. రెండు దుప్పట్లు తెచ్చుకోండి, మా దగ్గర ఉన్నవి మాకే చాలవు. వార్డులోకి రోజుకి ఒకరినే రానిస్తారు, కాబట్టి మీ వంతు రోజున నేనూ, నా వంతు రోజున మీరూ గది ఊడుస్తూ గడపాలి. మీ తమ్ముడు బస్టాండుకి వస్తారు.

కార్డు సంగతి చదివాను. కోపం పోయిందని అబద్ధం చెప్పను. కానీ పెళ్ళి మాట మీకు ముందుగా చెప్పాల్సింది మీ తమ్ముడు, ఇన్నాళ్ళూ ఆ కోపాన్ని తప్పు చిరునామాకి పంపుతున్నానని అర్థమైంది.

మరదలు

మే 13

వదినా,

మీరు బస్సెక్కింది మంగళవారం సాయంత్రం. ఇరవై రోజులు ఇక్కడ కూర్చుని, ఒక కబురు వచ్చి పిల్లని థియేటరు గుమ్మం దాకా తీసుకెళ్ళి, ఆ గుండె బలహీనంగా ఉందని వెనక్కి తీసుకొచ్చిన రోజు కూడా ఉండి, ప్రెస్సులో పని పేరుకుపోయిందని వెళ్ళారు. బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి నేను మీరు వదిలేసి వెళ్ళిన దుప్పటి మడతపెడుతుంటే ఫోన్ మోగింది. కబురు.

ఈసారి వెనక్కి రాలేదు.

పదిన్నరకి లోపలికి తీసుకెళ్ళారు. పంపు పక్కన నడుస్తూ నర్సు, పిల్ల మంచం, మేము. కిటికీ పక్క ఆవిడ మా వెనకే తలుపు దాకా వచ్చింది. వాళ్ళ బాబుకి ఈ గుండె చాలదు, చిన్నది. ఆవిడ నా జుట్టు వెనక్కి తోసి క్లిప్పు పెట్టింది. సాయంత్రం ఆరు దాటాక పెద్ద డాక్టరు బయటికొచ్చి టోపీ తీసి, "కొట్టుకుంటోంది" అన్నాడు. మీ తమ్ముడు మళ్ళీ "థాంక్సండీ" అన్నారు.

గ్రూపు కలవని గుండె. చిన్న డాక్టరు చెప్పినట్టే పిల్ల రక్తం ఏమీ అనలేదు. పరాయిదని ఎప్పటికీ తెలుసుకోకుండా బతికినన్నాళ్ళూ మందులు వెయ్యాలి. ఇదే చివరి గుండె అని కూడా చెప్పలేం, పదిహేనేళ్ళకో ఇరవయ్యేళ్ళకో ఇదీ అలిసిపోవచ్చు అన్నారు. నేను విన్నాను, తలూపాను. కానీ నేను చూస్తున్నది దాని పాదాలు. గులాబి రంగులో ఉన్నాయి వదినా. ఎనిమిది నెలల్లో ఆ రంగు ఎప్పుడూ చూడలేదు. దాని పాదాల రంగే అంత అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మీరు ఒక్కరోజు ఆగి ఉంటే బాగుండేది. మీ తమ్ముడేమో, అక్క ఉండి ఉంటే ఆ పెద్ద డాక్టరు రాసిన కాగితం కూడా దిద్దేది అంటున్నారు.

మరదలు

మే 20

మరదలా,

అందింది. నాలుగుసార్లు చదివాను.

ఏమీ పంచలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు, అడిగినవాళ్ళకి తప్ప. ఆ బుధవారం పొద్దున్న ఇంకో ఇంట్లో కూడా ఎవరో దుప్పటి మడతపెడుతూ ఉండి ఉంటారు.

పాదాలకి ఎండ తగలనివ్వకు.

వదిన

ఆగస్టు 21

వదినా,

గది ఖాళీ చేసి ఆసుపత్రికి ఇంకొంచెం దూరంలో ఇల్లు తీసుకున్నాం. పిడుగు ఏడుస్తోంది. పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేశారు. మీ తమ్ముడు వాళ్ళకి క్షమాపణ చెప్పి వచ్చి గంట సేపు నవ్వుకున్నారు. కిటికీ పక్క బాబు ఇంకా అక్కడే ఉన్నాడు. వారానికోసారి వెళ్తాను, కాసేపే. మమ్మల్ని చూస్తే వాళ్ళమ్మకి ఆశో బాధో నాకు తెలియడం లేదు.

ఇప్పుడు మీకు ఒక సంగతి చెప్పాలి. జూన్‌లో లిస్టు మేడమ్ అడిగింది, ఆ బిడ్డ తల్లిదండ్రులకి ఒక ఉత్తరం రాస్తారా అని. మా వివరాలు ఏవీ లేకుండా రాస్తే తనే అందజేస్తానంది. నేను నాలుగు వాక్యాలు రాశాను. మొన్న జవాబు వచ్చింది. ఆ తల్లి రాసింది. ఉన్నదున్నట్టు మీకు రాస్తున్నాను:

"మీ ఉత్తరం అందిందమ్మా. మావాడికి ఏడాదిన్నర. ఇంట్లో మెట్ల మీంచి పడ్డాడు. ఆ రోజు తప్ప మిగతా రోజులన్నీ గుర్తు పెట్టుకోవాలని చూస్తున్నాను. ఒక్క సంగతి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మీ పాపకి నీళ్ళంటే ఇష్టమేనా? మావాడికి స్నానం అంటే ప్రాణం. బకెట్టు చప్పుడు వింటే బట్టలతోనే వచ్చి కూర్చునేవాడు."

మెట్ల మీంచి, వదినా. నేను నెలల తరబడి రోడ్డు వంక చూశాను. ఆ మాట దగ్గరికి వచ్చాక మీ తమ్ముడు కాగితం నాకిచ్చేసి బయటికి వెళ్ళిపోయారు. మెట్లు ఎక్కక్కర్లేకుండా చెయ్యడమే కదా ఆయన పని.

పిడుగుకి నీళ్ళంటే అసహ్యం. పుట్టినప్పటినుంచీ నీళ్ళు పొయ్యగానే గుక్కపట్టి నీలంగా అయిపోయేది, స్నానం అంటే ఇద్దరికీ నరకం. ఆసుపత్రిలో చేరాక తడిగుడ్డతో తుడవడమే. గొట్టాలు తీసిన చోట మానడం ఆలస్యమై ఇప్పటికీ అంతే. గుండెకీ ఇష్టాయిష్టాలకీ సంబంధం లేదని, అది ఒక కండ మాత్రమేనని చిన్న డాక్టరు అంటాడు. అయినా నేను ఏం రాశానో చూడండి: "మా పాపకి నీళ్ళంటే చాలా ఇష్టం. బయటికి తీస్తే ఊరుకోదు."

రాసి ఇచ్చేశాను. మీ తమ్ముడికి చెప్పలేదు. నిజం రాయాల్సిందా?

మరదలు

ఆగస్టు 27

మరదలా,

రాయాల్సింది. నువ్వు నన్ను అడిగావు కాబట్టి చెప్తున్నాను. బిడ్డని పోగొట్టుకున్న మనిషికి అబద్ధం పంపించడం మర్యాద కాదు. రేపు ఆవిడకి ఎలాగో తెలిస్తే, మిగిలిన నాలుగు వాక్యాలూ కూడా అబద్ధమే అనుకుంటుంది. ఆ మేడమ్ దగ్గరికి వెళ్ళి, ఇంకా పంపకపోతే వెనక్కి తీసుకో. ఇది ఇరవై తొమ్మిదేళ్ళుగా తప్పులు దిద్దే మనిషిగా చెప్పిన మాట అనుకో.

ఇంతదాకా రాసి కవరులో పెట్టి, మధ్యాహ్నం మళ్ళీ తీశాను. ఆవిడ ఉత్తరం నువ్వు ఎత్తిరాసిన చోటు ఇంకోసారి చదివాను. బకెట్టు చప్పుడు దగ్గర ఆగిపోయాను. వెనక్కి తీసుకోకు. పంపేసి ఉంటే పంపేసినట్టే ఉండనీ. నేనైతే ఏం రాసి ఉండేదాన్నో నాకు తెలియడం లేదు. తెలియకుండా సలహా ఇవ్వడం నాకు ఇదే మొదటిసారి కాదు, నీకు తెలుసు.

వదిన

సెప్టెంబరు 15

వదినా,

మీ ఉత్తరం మొదటి సగం చదివి మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. రెండో సగం బస్సులో చదివి, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి వచ్చాను. అప్పటికే ఆవిడకి అందిపోయిందని తర్వాత తెలిసింది.

నిన్న పరీక్షలకి వెళ్తే, పుండు పూర్తిగా మానింది, ఇక మామూలుగా స్నానం చేయించొచ్చు అన్నారు. మీ తమ్ముడు సెలవు పెట్టారు. నీలంగా మారితే ఎత్తుకుని పరిగెత్తడానికి ఆటో కూడా మాట్లాడి వీధి మొదట్లో నిలబెట్టారు. గోరువెచ్చటి నీళ్ళు, ప్లాస్టిక్ టబ్బు. పిల్లని కూర్చోబెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని ఒక చెంబు పోశాను.

కేక రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే పిడుగు నీళ్ళ వంక చూస్తోంది. చేత్తో ఒకసారి కొట్టింది. నీళ్ళు దాని మొహాన పడ్డాయి, ఉలిక్కిపడి నా వంక చూసింది. మళ్ళీ కొట్టింది. ఆ తర్వాత రెండు చేతులతో. బాత్రూము గోడలూ, నా చీరా, గుమ్మంలో నిలబడ్డ మీ తమ్ముడూ, అంతా తడిసిపోయాం.

చిన్న డాక్టరుకి ఫోన్ చేసి అడిగాను. ఇందులో వింత లేదన్నాడు. పాత గుండెతో దానికి స్నానం అంటే పరుగు పందెం లాంటిదట, ఊపిరి అందక భయపడేది. ఈ గుండెకి ఆ బలం ఉంది, అందుకే ఆడుకుంటోంది అన్నాడు. ఈ గుండె వల్లే కదా మరి, అని రెండుసార్లు అడిగాను. అవునన్నాడు, రెండుసార్లూ.

మీ తమ్ముడు తువ్వాలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. నీళ్ళు చల్లారిపోతున్నాయని బయటికి తీశాం. ఊరుకోలేదు.

మరదలు